ధూర్జటి మహాకవి: కోరికతో వాదు

శ్రీకృష్ణదేవరాయల ఆస్థానమునకు వన్నె తెచ్చిన కవులలో ధూర్జటి స్థానము విలక్షణమైనది. అల్లసాని పెద్దన తన మనుచరిత్రమును రాయలకు అంకితమిచ్చినాడు. నంది తిమ్మన పారిజాతాపహరణమును రాయలకే సమర్పించినాడు. ధూర్జటి మాత్రము తన కావ్యమును శ్రీకాళహస్తీశ్వరునికి తప్ప మరెవ్వరికిని ఇయ్యలేదు. ఈ ఒక్క విషయము చాలు, ఆయన మనస్సు ఎటు మొగ్గినదో తెలియుటకు. అయితే అది అంత సులభముగా, ఒక్కసారిగా మొగ్గినది కాదు. మేము ఈ వ్యాసమున చెప్పదలచినది ఆ కష్టమును గూర్చియే.

కవి జీవితమును గూర్చి మనకు నిశ్చయముగా తెలిసినది బహు స్వల్పము. పాకనాటి నియోగి శాఖకు చెందినవాడు. తల్లి పేరు సింగమ. స్వర్ణముఖీ తీరమున ఉన్న మన శ్రీకాళహస్తితో ఆయనకు గల అనుబంధము రెండు గ్రంథములందును నిండియున్నది. వానిలో ఒకటి నాలుగు ఆశ్వాసముల ప్రబంధమైన శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యము. రెండవది శ్రీకాళహస్తీశ్వర శతకము. రాయలు రాజ్యము చేసినది 1509 నుండి 1529 వరకు. ఆ రాజే 1516లో ఈ క్షేత్రమున నూరుకాళ్ల మంటపమును, పెద్ద గాలిగోపురమును కట్టించినాడు. ఆ గోపురము 2010 మే 26న కూలిపోయినది. దాని స్థానమున కట్టిన క్రొత్త గోపురమునకు 2017లో కుంభాభిషేకము జరిగినది. రాయలు కట్టించిన రాయి అయిదువందల ఏండ్లు నిండకుండనే పడిపోగా, ఆయన కొలువులోని కవి చెప్పిన పద్యములు ఇంకను మన పాఠ్యపుస్తకములలో నిలిచియున్నవి.

ధూర్జటి అనగానే అందరికిని మొదట జ్ఞప్తికి వచ్చేది ఒక చాటుకథ. ధూర్జటి పలుకులకు ఇంత మాధుర్యము ఎట్లు అబ్బినదని రాయలు సభలో ఆశ్చర్యపడినాడట. అందుకు తెనాలి రామకృష్ణుడు లేచి, వారకాంతల అధరామృతమును నిరంతరము గ్రోలుటచేతనే అబ్బినదని బదులు చెప్పినాడట. సభ అంతయు నవ్వినదని వేరుగ చెప్పనక్కరలేదు. ఈ కథను తరతరములుగ చెప్పుకొని, కవి యౌవనమంతయు వేశ్యాలోలుడై గడిపి, వార్ధక్యమున పశ్చాత్తాపముతో శతకము చెప్పినాడని తీర్మానించినవారు పలువురు. కాని రామకృష్ణ కవి రాయల తరువాతి కాలమువాడని పండితులు చాలమంది అభిప్రాయపడుచున్నారు. అట్లైన ఆ సభయు, ఆ ప్రశ్నయు, ఆ సమాధానమును తరువాతివారి కల్పనలే కావచ్చును. భక్తులైన కవులు తమను తాము మహాపాపులుగ చెప్పుకొనుట శతకములలో వాడుకయే గనుక, ఆత్మనిందను ఆత్మకథగ తీసికొనుటయు ప్రమాదమే.

ఆయన ఎన్ని రాత్రులు ఎచ్చట గడపినాడన్న ప్రశ్నను మేము విడిచిపెట్టుచున్నాము. అది తేలునది కాదు, తేలినను మనకు ఒరుగునది లేదు. తేలినది ఒకటి ఉన్నది. కోరిక అనునది మనిషిని లోపలినుండి ఎట్లు పట్టి ఆడించునో ధూర్జటికి తెలిసినంతగా తెలుగు కవులలో మరొకరికి తెలియదు. అనుభవించనివాడు అంత సూక్ష్మముగ చెప్పలేడని మా నమ్మకము.

శతకములో ఒక పద్యమున ఆయన తన మనస్సును గూర్చి దేవునితో మొర పెట్టుకొనుచున్నాడు. స్త్రీసుఖముపై రోత పుట్టినది, కాని పుట్టనట్లే ఉన్నది. పుత్రమిత్రులను, ధనమును విడిచినట్లే ఉన్నది, కాని విడువలేదు. పద్యము పొడవునను ఇదే పద్ధతి: జరిగినట్లే యుండి జరుగని స్థితి. పండితులు దీనిని విరోధాలంకారపు సొగసుగ వ్యాఖ్యానింతురు. మేమును తరగతిగదిలో చాలకాలము అట్లే చెప్పుచు వచ్చితిమి. అలంకారము ఉన్నమాట నిజమే. కాని దానికన్న పెద్ద సంగతి, అది ఒక మానసిక స్థితికి యథాతథ వర్ణన.

ఆ స్థితికి శాస్త్రజ్ఞులు పేరు పెట్టుటకు ధూర్జటి తరువాత నాలుగువందల ఏండ్లకు పైగా పట్టినది. 1954లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ అను ఇద్దరు ఎలుకల మెదడులో సన్నని తీగలు అమర్చి, మీట నొక్కినప్పుడెల్ల కొద్దిపాటి విద్యుత్తు అచ్చటికి పోవునట్లు చేసినారు. ఎలుకలు ఆ మీటను విడువక నొక్కుచునే పోయినవి. సుఖకేంద్రము దొరికినదని లోకము సంబరపడినది. 1957లో స్వీడన్ దేశస్థుడు ఆర్విడ్ కార్ల్‌సన్ మెదడులో డోపమైన్ అను రసాయనము స్వతంత్రముగ పనిచేయుచున్నదని చూపినాడు; అందులకు 2000లో నోబెల్ బహుమతి పొందినాడు. డోపమైన్ అనగా సుఖరసము అని పత్రికలవారు నేటికిని వ్రాయుచున్నారు.

అది సరికాదని చూపినవారిలో ముఖ్యులు అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయమునకు చెందిన కెంట్ బెరిడ్జ్, టెర్రీ రాబిన్సన్. 1993లో వారు ప్రతిపాదించిన సిద్ధాంతము స్థూలముగ ఇది. మెదడులో ఇష్టపడుట వేరు, కోరుట వేరు. తీపి నాలుకపై పడినప్పుడు కలుగు ఆనందము ఒక ఏర్పాటు. ఆ తీపికై కాళ్లు పరుగెత్తునట్లు చేయునది మరొక ఏర్పాటు. డోపమైన్ ముఖ్యముగ ఈ రెండవదానికి ఇంధనము. సామాన్యముగ రెండును కలిసియే నడచును, అందుచేత మనకు భేదము తెలియదు. వ్యసనము ముదిరినకొలది కోరుట పెరుగుచు పోవును, ఇష్టపడుట పెరుగదు, ఒక్కొక్కప్పుడు తగ్గిపోవును కూడ. తాగుడులో సుఖము ఏమియు మిగులలేదని తాగుబోతే చెప్పును, చెప్పుచునే సాయంకాలమునకు దుకాణము వైపు నడచును. పార్కిన్‌సన్ వ్యాధికి డోపమైన్ వలె పనిచేయు మందులు వాడినవారిలో కొందరికి, అంతకుముందెన్నడును లేని జూదపు పిచ్చి పట్టుటయు, మందు తగ్గించగనే అది తగ్గుటయు వైద్యులు గమనించినారు.

రోసినను రోయకుండుట అన్న ధూర్జటి మొరను ఈ వెలుగులో మరల చదువవలెను. రోసినది ఇష్టపడు భాగము. రోయనిది కోరు భాగము. ఆయన అబద్ధమాడలేదు, అతిశయోక్తి చెప్పలేదు. దేవునికైనను ఉన్నది ఉన్నట్లు నివేదించినాడు.

మరొక పద్యమున, ఇదంతయు మిథ్యయని నరుడు ఎరుగుననియు, ఎరిగియు భార్యాపుత్రులు, ధనము, దేహము శాశ్వతములన్నట్లే మోహములో పడుననియు వాపోయినాడు. ఎరుక ఉన్నది, ఆచరణ లేదు. ఈ చిక్కుముడిని అమెరికన్ మనోవైద్యుడు జార్జ్ ఐన్‌స్లీ 1975లో ఒక ప్రసిద్ధ వ్యాసమున పరిశీలించినాడు. చిన్న లాభమైనను చేతికందునంత దగ్గరకు వచ్చినప్పుడు, దూరముననున్న పెద్ద లాభముకన్న అదియే మనస్సునకు విలువైనదిగ తోచును. అది దూరమైనప్పుడు విలువలు మరల తారుమారగును. ఉదయమున ఒట్టు పెట్టుకొన్నవాడును, రాత్రి ఒట్టు తీసి గట్టున పెట్టినవాడును ఒక్కడే; ఇద్దరును ఆయా సమయమున నిజాయితీపరులే. పరీక్షల ముందు రాత్రి చేతిఫోనును ప్రక్కన పెట్టుకొని చదువ కూర్చుండు మా విద్యార్థులకు ఇంతకన్న వివరింప పనిలేదు.

మన కళాశాలలో ఉర్దూ విభాగపు విద్యార్థులకు ఈ సంగతి మరొక దారిన తెలియును. తౌబా చేయుటయు, ఆ తౌబాను తానే భగ్నము చేయుటయు ఉర్దూ గజలులో ఒక స్థిరమైన వస్తువు. దానిని కవుల కొంటెతనముగ తీసికొని వాహ్వా యనుట మన అలవాటు. కాని మజాజ్ లక్నవీ జీవితమును తలచుకొన్న ఆ కొంటెతనము నోట చేదగును. అంతటి ప్రతిభావంతుడు తాగుడుకు లొంగి, 1955 డిసెంబరులో, నలుబది నాలుగేండ్ల వయస్సున లక్నోలో పోయినాడు. ఆ కాలమువాడే జిగర్ మొరాదాబాదీ. తాగుటలో ఆయనయు తక్కువవాడు కాదు. ఆయన మానినాడు. మానిన తరువాత చాల ఏండ్లు బ్రతికి, ఆతిషె గుల్ అను సంపుటికి సాహిత్య అకాడమీ బహుమానము పొంది, 1960లో గతించినాడు. ఒకడు పోయి ఒకడు నిలిచినందులకు కారణము ఒకని దృఢచిత్తము, వేరొకని దౌర్బల్యము అనుట సులభమే. అంత సులభముగ చెప్పదగినది కాదని మా ఉద్దేశము.

ధూర్జటి చేసినది ఏమి? శతకమును జాగ్రత్తగ చదివిన ఒకటి కనబడును. ఆయన కోరికతో నేరుగ కుస్తీ పట్టుట తక్కువ, కోరికను రేపు పరిసరములపై యుద్ధము ప్రకటించుట ఎక్కువ. రాజులు మదించినవారు, వారి కొలువు నరకముతో సమానము అనినాడు. వారిచ్చు స్త్రీలు, పల్లకీలు, గుఱ్ఱములు, ఆభరణములు మనోవ్యథకు విత్తనములనినాడు. ఆ విత్తనము అన్న భావన మిక్కిలి విలువైనది. బాధ ఇంకను లేదు, కాని దానిని మొలిపించు వస్తువు చేతికి అందినది. మద్యము మానినవాడు పాత దుకాణపు సందులోనికి అడుగు పెట్టగనే నోరూరుటకు కారణము, ఆ సందును ఆ సుఖమును మెదడు ఒక్క ముడిగ కట్టుకొనియుండుటయే. రాజద్వారము ధూర్జటికి అట్టి సందు. ఊరూర అడిగిన జనులు భిక్ష పెట్టరా, ఉండుటకు గుహలు లేవా, వీధులలో కట్టుటకు పాతగుడ్డలు దొరకవా, ఏరులలో తీయని నీరు లేదా, రాజులను ఆశ్రయించుట ఎందులకని అడిగిన పద్యము వట్టి వైరాగ్యపు పలుకు కాదు. ఆ సందులోనికి పోకుండ బ్రతుకు గడచు దారులను ఒక్కొక్కటిగ లెక్క పెట్టుకొన్న మనిషి మాట అది.

రాయల అభిమానమును పొందినవాడే రాజులను ఇట్లు తిట్టుట ఏమని కొందరు శంకించినారు. రాయల తరువాత వచ్చిన కాలమును చూచి విసిగి చెప్పినాడని కొందరు సమాధానము చెప్పినారు. 1529లో అచ్యుతదేవరాయలు రాజ్యమునకు వచ్చునప్పుడు పట్టాభిషేకము శ్రీకాళహస్తిలోను జరిగినట్లు శాసనములు చెప్పుచున్నవి. అనగా రాజుల వైభవము కవి గుమ్మము దాకనే వచ్చినది. అయితే రాజు మంచివాడా చెడ్డవాడా అన్నదానిపై ఆయన కోపము ఆధారపడలేదని మాకు తోచును. మంచి రాజు ఇచ్చు పల్లకీయు పల్లకీయే.

పరిసరము మారిన మనిషి మారునా? ఇందులకు ఇరువదవ శతాబ్దమున ఒక పెద్ద ఉదాహరణము దొరికినది. వియత్నాం యుద్ధమునకు పోయిన అమెరికన్ సైనికులలో హెరాయిన్ వాడుక విపరీతముగ పెరిగినదని 1971లో ఆ దేశము కలవరపడినది. లీ రాబిన్స్ అను పరిశోధకురాలు తిరిగివచ్చినవారిని వెదకి విచారించినది. అచ్చట సుమారు 20 శాతము మంది తాము బానిసలమైతిమని ఒప్పుకొన్నారు. కాని ఇంటికి వచ్చిన మొదటి సంవత్సరమున వారిలో మరల బానిసలైనవారు సుమారు 5 శాతము మాత్రమే. మందు అదే, మెదడు అదే. అడవి, భయము, తుపాకి, తోడివారు మాత్రము మారినారు. ఆమె చెప్పినది మొదట చాలమంది నమ్మలేదు.

దీనినిబట్టి వ్యసనము రోగము కాదని, వట్టి ఎంపికయేనని వాదించువారున్నారు. జీన్ హేమన్ అను మనోవిజ్ఞానవేత్త 2009లో ఈ అభిప్రాయముతో ఒక గ్రంథమే వ్రాసినాడు. అంతకుముందు 1997లో అలన్ లెష్నర్ వ్యసనము మెదడు రోగమని బలముగ చెప్పియుండెను. మన దేశమున 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మద్యము, మత్తుపదార్థముల వలన కలుగు మానసిక స్థితులను మానసిక వ్యాధి నిర్వచనములోనే చేర్చినది. ధూర్జటి శతకము చదివినవానికి ఈ ఇరువురి జగడము కొంత వింతగ కనబడును. ఆయన ఒక పద్యమున తానే తప్పు చేసినట్లు తన్ను తిట్టుకొనును. మరొక పద్యమున తన చేత కాదని చేతులు జోడించును. రెండును ఆయనకు నిజములే. రోగియే గాని, నడచిపోగల కాళ్లున్న రోగి.

కళాశాల పాలకవర్గమువారు చదువు పత్రిక ఇది గనుక, ఈ సందర్భమున ఒక మాట చెప్పక తప్పదు. 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారము మన దేశమున పది మొదలు డెబ్బదియైదేండ్ల వయస్సువారిలో 14.6 శాతము మంది మద్యము సేవించుచున్నారు. అందు కొందరు ఏ కళాశాల హాజరుపట్టీలోనైనను ఉందురు. వసతిగృహమున సీసాతోనో గంజాయి పొట్లముతోనో పట్టుబడిన కుఱ్ఱవానిని పేరు కొట్టివేసి పంపుట ఆనవాయితీగ ఎచ్చటనైనను జరుగుచున్నది. అట్లు పంపిన వాడు పోవునది ఎచ్చటికి? చదువు, స్నేహితులు, పొద్దుపోక, ప్రొద్దుటే లేవవలసిన అవసరము, అన్నియు పోగా, ఆ సందు ఒక్కటి మిగులును. తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగమున్నది. 2022 నుండి టెలిమానస్ అను ప్రభుత్వ సేవ 14416 సంఖ్యపై పలుకుచున్నది. పేరు కొట్టివేయు కాగితమునకు ముందు ఈ రెండు దారులను చూపు కాగితము ఒకటి ఉండవలెనని మా మనవి. మన పొరుగున ఉన్న నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో సారాకు ఎదురు తిరిగిన స్త్రీలు తాగినవారిని ఊరినుండి వెళ్లగొట్టలేదు, దుకాణమును మూయించినారు.

మరల కవి వద్దకు వత్తము. మాహాత్మ్యమును చదువునప్పుడు మాకు ఒక ప్రశ్న కలుగుచుండెడిది: కోరికను ఇంతగా నిందించినవాడు, కోరికయే లేని మహర్షిని కథానాయకునిగ ఎందుకు ఎన్నుకొనలేదు? ఆయన ప్రాణము పెట్టి వ్రాసినది తిన్నని కథ. ఉడుమూరి ఎఱుకు కుఱ్ఱడు, వేటకు పోయి అడవిలో లింగమును చూచినాడు. ఇక కదలడు. తనవారు వచ్చి బ్రతిమాలినను ఇంటికి రాడు. వండిన మాంసము తెచ్చి తినుమని దేవుని ప్రాధేయపడును, తినకున్న ఏడ్చును. కన్ను కారిన తన కన్ను పెరికి పెట్టును. రెండవ కంటికి గుర్తు తప్పకుండ కాలు ఆనించి మరల సిద్ధపడును. దూరమునుండి చూచినవానికి ఇదియు ఒక పిచ్చియే. తిన్నని వదలని పట్టు, తాగుబోతు వదలని పట్టు ఒకే కొలిమిలో కాగినవి. ధూర్జటి పట్టును చల్లార్చుమని అడుగలేదు, దానికి వేరొక వస్తువును చూపుమని అడిగినాడు. వ్యసనమునుండి బయటపడినవారిలో చాలమంది ఖాళీ మనస్సుతో కాక ఒక క్రొత్త అనుబంధముతో, ఒక పనితోనో బిడ్డతోనో ప్రార్థనతోనో నిలద్రొక్కుకొందురని నేటి వైద్యులును చెప్పుదురు. సాలెపురుగు ఏ వేదము చదివినది, పాము ఏ శాస్త్రము నేర్చినది, ఏనుగు ఏ విద్య అభ్యసించినది, తిన్నడు ఏ మంత్రము జపించినాడని శతకమున అడిగిన ప్రశ్నకును మూలము ఇచ్చటనే ఉన్నది. వినికిడి చదువు పట్టును తిప్పలేదని ఆయనకు స్వానుభవము.

ఆ కావ్యములోనే, అంతగ ఎవరును పట్టించుకొనని ఒక కథ ఉన్నది. మధురలో ఒక వేశ్యకు ఇద్దరు కుమార్తెలు. తల్లి తన వృత్తిలోనికి రమ్మన్నది. వారు ఒప్పుకొనలేదు, శివభక్తితో ఇల్లు విడిచి శ్రీకాళహస్తికి చేరినారు. వారకాంతల పెదవుల తేనెయే కవి పలుకులలో ఉన్నదని చాటుకథ చెప్పినవారు ఈ కథను చదివియుండరు. ఆ ఇండ్లకు పోయినవాడో పోనివాడో గాని, ఆ ఇంటి గడప లోపలినుండి చూచు ఆడుపిల్ల కంటికి ఆ వృత్తి ఎట్లుండునో ఆలోచించిన కవి ఆయన. కొనువాని కోరికను గూర్చి వ్రాసినవారు వేలు. అమ్ముడుపోవలసినదాని ఎంపికను గూర్చి వ్రాసినవారిని వేళ్లపై లెక్కింపవచ్చును. ఆ పిల్లలకు తల్లి ఇల్లు విడుచుట, ధూర్జటికి రాజు కొలువు విడుచుట ఒక్కటేనేమో.

చివరకు ధూర్జటి గెలిచినాడా? మేము చదివినంతలో, కోరికను జయించితినని నిశ్చింతగ చెప్పిన పద్యము శతకమున కానరాదు. ఎన్నడు మరణించినాడో తెలియదు. 1987లో హాంక్ హైఫెట్జ్, వెల్చేరు నారాయణరావు ఆ పద్యములను ఆంగ్లములోనికి తెచ్చినారు గనుక ఆ మొర నేడు తెలుగు రానివారికిని వినబడుచున్నది. ఆ వంశమువాడే కుమార ధూర్జటి కూడ కవియే. ఆయన వ్రాసిన కావ్యము పేరు కృష్ణరాయ విజయము. పెద్ద ధూర్జటి జీవితమంతయు తప్పించుకొని తిరిగిన రాజద్వారమునకే చిన్న ధూర్జటి తన కవితను తీసికొనిపోయినాడు.